క్యాన్సర్ కాదుగా, ఇంకేం?

నాలుక అంచున పుండు లేచి ఎంతకీ మానకపోతే 2010లో పరీక్ష చేయించుకున్నాను. క్యాన్సర్ అని తేలింది. నాలుకలో కొంత భాగం, మెడలో గ్రంథులు ఆపరేషన్ చేసి తీసేశారు. తర్వాత కరెంటు పెట్టారు. మా గోదావరి వైపు రేడియేషన్‌ని అందరం అలాగే అంటాం. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు, మొత్తం అరవై గ్రే. గ్రే అంటే కరెంటు మోతాదు కొలత. నోరంతా పుళ్లు పడి, మంచినీళ్లు మింగాలన్నా ఏడుపొచ్చేది. అయినా ఆ కరెంటే నన్ను బతికించింది. ఇక్కడ ఏం రాసినా ఆ కృతజ్ఞత నాలో అలాగే ఉంది.

నేను ఆర్టీసీలో కండక్టర్ని. కోలుకున్నాక మళ్లీ డ్యూటీ ఎక్కాను. లాలాజలం ఊరే గ్రంథులు దెబ్బతినడంతో నోరు ఎప్పుడూ ఎండిపోయి ఉండేది. టికెట్లు కొడుతూ స్టేజీ స్టేజీకీ ఒక గుక్క నీళ్లు తాగేదాన్ని. ఐదేళ్లు దాటాయి, చెకప్‌లన్నీ బాగా వచ్చాయి. ఇక ఆ జబ్బు సంగతి అయిపోయిందనే అందరం అనుకున్నాం.

2019లో ఎడమవైపు కింది దవడ పన్ను పిప్పి పట్టింది. ఉమ్మి లేని నోట్లో పళ్లు తొందరగా పుచ్చిపోతాయి, ఎందుకంటే పళ్లను కడిగి కాపాడేది ఆ ఉమ్మే. పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఇదివరకు ఇలా క్యాన్సర్ వచ్చింది, ఇక్కడే కరెంటు పెట్టారు అని చెప్పాను. "తొమ్మిదేళ్లయింది కదమ్మా, దాని ప్రభావం ఇంకా ఎక్కడుంటుంది?" అని ఆయన పన్ను పీకేశారు.

ఆ గాయం మానలేదు. వారాలు గడిచినా చిగురు కలవలేదు. నాలుకతో తడిమితే గరుకుగా ఏదో తగిలేది. అద్దంలో టార్చి వేసి చూస్తే పసుపు పచ్చగా ఎముక కనిపించింది. మళ్లీ తిరగబెట్టిందేమో అన్న భయంతో మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ముందు వైద్యం చేయించుకున్న ఆసుపత్రికే వెళ్లి చూపించుకున్నాం. దవడంతా ఒకేసారి కనిపించే ఓపీజీ ఎక్స్‌రే, సీటీ స్కాన్, చిన్న ముక్క తీసి బయాప్సీ. రిపోర్టు వచ్చేదాకా మా ఆయన రోజూ గుడికి వెళ్లొచ్చారు.

క్యాన్సర్ కాదు అన్నారు. మేమిద్దరం ఆ వరండాలోనే ఏడ్చేశాం. అప్పుడు డాక్టరమ్మ మమ్మల్ని మళ్లీ లోపలికి పిలిచి కూర్చోబెట్టి, "క్యాన్సర్ కాదు గానీ దవడ ఎముక చచ్చిపోతోంది" అన్నారు. దాని పేరు ఆస్టియోరేడియోనెక్రోసిస్.

ఆవిడ చెప్పిన తీరు నాకు బాగా అర్థమైంది. కరెంటు క్యాన్సర్ కణాలతో పాటు ఆ చోటి సన్నటి రక్తనాళాలను కూడా మూసేస్తుంది. ఎముకను ఎప్పటికప్పుడు బాగుచేసే కణాలు తగ్గిపోతాయి, చుట్టూ ఉన్న కండ గట్టిపడుతుంది. ఇది ఏళ్ల తరబడి సాగుతూనే ఉంటుంది. మా కాలువ చివరి శివారు పొలంలాంటిదే ఆ ఎముక: ఉన్న పైరు ఎలాగో నిలబడుతుంది గానీ, కొత్తగా నాటితే బతకడానికి నీరందదు. పన్ను పీకినప్పుడు మానడానికి కావలసిన రక్తం అక్కడికి రాదు. పై దవడకు రక్తం నాలుగు వైపుల నుంచీ అందుతుంది, కింది దవడకు ఎక్కువగా ఒక్క నాళమే దిక్కు. అందుకే ఈ జబ్బు ఎక్కువగా కింది దవడకే వస్తుంది. మోతాదు అరవై గ్రే, ఆ పైన పడిన చోట ప్రమాదం ఇంకా ఎక్కువ. ఎముక బయటపడి మూడు నెలలైనా మూసుకోకపోతే, క్యాన్సర్ లేదని తేలితే, ఇదే అనుకుంటారట. దీని గురించి వైద్యులు 1920లలోనే రాశారని కూడా ఆవిడ చెప్పారు. వందేళ్లుగా తెలిసిన సంగతి నా పన్ను పీకినాయనకు తెలియకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఊరికి తిరిగొచ్చాక మా ఆడపడుచు వచ్చి చేయి పట్టుకుంది. "క్యాన్సర్ కాదుగా వదినా, ఇంకేం! దేవుడు చల్లగా చూశాడు" అంది. మనసారా అన్న మాట అది, తప్పు పట్టను. కానీ తర్వాత మూడేళ్లు డిపోలో, వీధిలో, చుట్టాలిళ్లల్లో ఎవరికి చెప్పినా ఇదే జవాబు. క్యాన్సర్ అన్నప్పుడు గిన్నెలతో కూరలు తెచ్చిన వాళ్లే, ఇది చెబితే మాట మార్చేసేవారు. నా జబ్బుకు ఎవరి దగ్గరా చోటు లేకుండా పోయింది. నొప్పి మాత్రం క్యాన్సర్ నాటి కంటే ఎక్కువగా ఉండేది. చెవిలోకి, కణతలోకి పోటు ఎక్కేది.

మొదట మందులతోనే చూశారు. పెంటాక్సిఫిలిన్ అని, కాళ్లకు రక్తం సరిగా ఆడని వాళ్లకు ఇచ్చే మాత్ర. దానితో పాటు విటమిన్ ఇ. ఈ రెండూ కలిపి వాడటం ఫ్రాన్స్ వైద్యులు మొదలుపెట్టారట. చీము పట్టినప్పుడు యాంటీబయాటిక్. ఊడి కదులుతున్న ఎముక ముక్కను ఒకసారి తీసేశారు. ఎక్కువ ఒత్తిడితో ఆక్సిజన్ పీల్పించే గది, ఆక్సిజన్ చాంబర్ గురించి మా అబ్బాయి ఎక్కడో చదివి అడిగితే డాక్టరమ్మ తొందరపడలేదు. కరెంటు పెట్టిన దవడలో పన్ను తీసేముందు ఆక్సిజన్ ఇస్తే ఈ జబ్బు రాకుండా ఉంటుందా అని బ్రిటన్ వైద్యులు హోపాన్ అనే పరిశోధన చేసి 2019లో ఫలితం చెప్పారు. ఇచ్చినవాళ్లలో, ఇవ్వనివాళ్లలో తేడా రాలేదు, రెండు వైపులా నూటికి ఆరుగురి దరిదాపుల్లోనే ఎముక దెబ్బతింది. నాలాగే కరెంటు పెట్టించుకుని ఇది చదువుతున్నవాళ్లకు ఆ లెక్క చెప్పాలనిపిస్తుంది. పన్ను తీసిన ప్రతివాళ్లకూ ఇలా కాదు, ఎక్కువమందికి మానిపోతుంది. కానీ ఆ ఆరుగురిలో పడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

కొన్నాళ్లు నిలకడగా ఉంది. తర్వాత గడ్డం కింద చర్మానికి చిల్లు పడి చీము కారడం మొదలైంది. వాసన వచ్చేది. బస్సులో జనం మధ్య నిలబడి చేసే ఉద్యోగం నాది, ఎవరైనా కాస్త పక్కకు జరిగితే నా వల్లేనేమోనని ప్రాణం చచ్చిపోయేది. కరోనా వచ్చి అందరూ మాస్కులు పెట్టుకున్న రోజుల్లో నాకు కొంచెం ఊపిరి ఆడింది. లోకమంతా ఏడుస్తున్న కాలంలో నాకు దొరికిన ఆ చిన్న ఊరట గురించి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు.

2022లో ఒక పొద్దున లేచేసరికి కింది పళ్లు పై పళ్లతో కలవలేదు. ఇడ్లీ నోట్లో పెట్టుకుంటే దవడ కదిలింది. దెబ్బా తగల్లేదు, పడనూ లేదు, ఎముకే లోపల్లోపల గుల్లై విరిగింది. ఇక మందుల దశ దాటిపోయింది, చచ్చిన ఎముకంతా తీసేసి కాలి ఎముక తెచ్చి అతకాలన్నారు.

ఇక్కడే మా ఇంట్లో పెద్ద వాదన నడిచింది. "నిలబడి చేసే ఉద్యోగమే నీది. నోటి కోసం కాలు పోగొట్టుకుంటావా అమ్మాయ్?" అని మా అమ్మ. నాకూ అదే టెన్షన్. డాక్టర్ కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. మోకాలి కింద రెండు ఎముకలుంటాయి. ఒంటి బరువు మోసేది లావుపాటిది. బయటివైపు ఉండే సన్నటి ఎముక, ఫిబులా, చాలావరకు తీసినా మనిషి నడుస్తాడు, చీలమండ దగ్గర, మోకాలి దగ్గర కొంచెం కొంచెం వదిలేస్తారు. దాని రక్తనాళంతో, పైన కొంచెం చర్మంతో సహా కోసి తెచ్చి, దవడ వంపుకు సరిపడా ముక్కలు చేసి టైటానియం ప్లేటుతో బిగిస్తారు, ఆ నాళాన్ని మైక్రోస్కోప్ కింద మెడలోని నాళానికి కుడతారు. కరెంటు తగలని ఎముక, సొంత రక్తంతో వస్తుంది కాబట్టి బతుకుతుంది. కాళ్లకు యాంజియో సీటీ, అంటే రక్తనాళాలు కనిపించే స్కాన్ తీసి, పాదానికి సరిపడా రక్తం వేరే నాళాల నుంచి అందుతోందని చూశాకే ఒప్పుకున్నారు. అది విన్నాక నేనూ ఒప్పుకున్నాను.

పొద్దున తీసుకెళితే రాత్రికి బయటికి వచ్చాను. కళ్లు తెరిచేసరికి గొంతులో ట్యూబు, ముక్కులోంచి కడుపులోకి ఆహారం పంపే రైల్స్ ట్యూబు, కాలికి కట్టు. మాట లేదు. నర్సమ్మాయి గంట గంటకూ వచ్చి నోట్లో అతికిన చర్మం రంగు చూసేది, చిన్న పరికరం పెట్టి నాడి వినేది. ఆ సవ్వడి వినిపిస్తే "ఆడుతోంది ఆంటీ" అనేది. ఏదైనా కావాలంటే నోట్‌బుక్‌లో రాసిచ్చేదాన్ని. ఎక్కువసార్లు రాసింది "దిండు" అనే మాటే. మెడ తిప్పకూడదు కాబట్టి దిండు కాస్త పక్కకు జరిగినా గాభరా పడేదాన్ని. కొన్ని రోజులకు నిలబెట్టారు. వాకర్ పట్టుకుని అడుగు వేసినప్పుడు కాలి కంటే దవడే ఎక్కువ నొప్పి పెట్టింది, మా అమ్మకు ఆ మాట రాసి చూపించాను.

కాలు బాగుంది. బొటనవేలు కొంచెం మొండికేస్తుంది, ఎక్కువసేపు నిలబడితే మడమ దగ్గర లాగుతుంది. బస్సు డ్యూటీ వద్దని డిపోలో కూర్చునే పని అడిగాను, ఇచ్చారు. గడ్డం కింద చిల్లు మూసుకుంది, వాసన పోయింది. రాత్రిళ్లు మాత్ర వేసుకోకుండా పడుకుంటున్నాను. ఈ ఒక్కటీ చాలు నాకు అనిపించిన రోజులున్నాయి.

నోరు మాత్రం వేరే సంగతి. ఎడమవైపు కింది పెదవికి స్పర్శ లేదు. మెతుకు అంటుకుని ఉన్నా, పెరుగు కారినా తెలియదు. మా అమ్మాయి తన పెదవి మీద వేలు పెట్టి చూపిస్తుంది, నేను తుడుచుకుంటాను. కరెంటుకు దవడ కీళ్లు బిగిశాయి. మామూలుగా నోట్లో మూడు వేళ్లు నిలువుగా పడతాయి, నాకు వేలున్నర. ఐస్‌క్రీమ్ పుల్లలు దొంతరగా పెట్టి రోజూ సాగదీస్తాను, మానేస్తే వారంలోనే తేడా తెలుస్తుంది. పప్పన్నం మెత్తగా పిసికి నెయ్యి వేసుకుని తింటాను. ఇడ్లీ సాంబార్లో నానబెట్టుకుంటాను. ఆవకాయ కారం పడదు, పులుపు మంట. గోంగూర మాత్రం వదల్లేక, పప్పులో బాగా ఉడికించి కారం లేకుండా చేసుకుంటున్నాను. పెళ్లిళ్లలో బంతిలో కూర్చోను. పిల్లలు అప్పడం నమిలే చప్పుడు వింటే మాత్రం కడుపులో ఎక్కడో కలుక్కుమంటుంది.

మిగిలిన పళ్లను కాపాడుకోవడం ఇప్పుడు నాకు పెద్ద పని. ఫ్లోరైడ్ జెల్ రాత్రిపూట, తిన్న ప్రతిసారీ ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లతో పుక్కిలించడం. పన్ను పుచ్చితే పీకకుండా రూట్ కెనాల్‌తో సరిపెట్టే దారి చూడమని అడుగుతాను. ఏ పక్క ఎంత కరెంటు పడిందో రాసి ఉన్న కాగితం లామినేషన్ చేయించి సంచిలోనే ఉంచుకున్నాను. అది చూడకుండా ఎవరినీ నా నోట్లో చేయి పెట్టనివ్వను. అతికిన కాలి ఎముకకు ఇంప్లాంట్ పళ్లు పెట్టొచ్చని డాక్టర్ అంటున్నారు. ఆ ఎముకకు కరెంటు తగల్లేదు కాబట్టి పట్టుకుంటాయట. ఇంకా తేల్చుకోలేదు. మళ్లీ నోట్లో కోత అంటే ఒళ్లు ఒప్పుకోవడం లేదు.

ఈ మధ్య మా డిపోలో రిటైరైన డ్రైవర్ గారు భార్యతో కలిసి వచ్చారు. బుగ్గలో క్యాన్సర్, ఆపరేషన్ అయింది, కరెంటు పెట్టించుకోవాలి. "అమ్మా, మీకు తెలుసు కదా, ఎలా ఉంటుందో చెప్పండి" అన్నారు. పుళ్ల గురించి, మింగడం గురించి తర్వాత చెబుతానని, ముందు నోరు తెరవమన్నాను. వెనక పళ్లు రెండు పూర్తిగా పుచ్చి ఉన్నాయి. కరెంటు మొదలయ్యేలోపే వీటి సంగతి తేల్చుకోవాలి, పీకాల్సి వస్తే మానడానికి కనీసం రెండు వారాలైనా ఉండాలి, మీ కరెంటు డాక్టర్నీ పళ్ల డాక్టర్నీ మాట్లాడుకోమనండి అని కాగితం మీద రాసిచ్చాను. తర్వాత ఆయన భార్య నాకు ఫోన్ చేశారు. పళ్లు తీసేశారట, గాయం శుభ్రంగా కలిసిందట, సోమవారం నుంచి కరెంటు మొదలుపెడతారట.