గగన్ సందేశం: విటర్బీ దిద్దినా సీఆర్‌సీ ఒప్పుకోవాలి

గగన్ అంటే జీపీఎస్ లోపాలను సరిదిద్దే సమాచారాన్ని ఉపగ్రహాల ద్వారా విమానాలకు పంపే భారతీయ వ్యవస్థ. దాని ఉపగ్రహం నుంచి విమానంలోని రిసీవర్‌కు ఎల్1 అనే రేడియో పౌనఃపున్యంలో సెకనుకో సందేశం వస్తుంది. జీశాట్-8, 10, 15 మోసుకెళ్లిన పరికరాల పని ఇదే. సందేశంలో 250 బిట్లు: 8 ప్రియాంబుల్ (సందేశం మొదలును చూపే గుర్తు), 6 సందేశం రకం, 212 అసలు సమాచారం, చివర 24 సీఆర్‌సీ (తప్పులు పట్టే తనిఖీ బిట్లు). దారిలో వచ్చే తప్పులను దిద్దుకోవడానికి వీలుగా బిట్లను రెట్టింపు చేసే కన్వల్యూషనల్ ఎన్‌కోడర్‌లోంచి బయటికి వచ్చేసరికి ఇవి 500 సింబల్స్ అవుతాయి. ఏయే బిట్లను కలిపి సింబల్ తయారుచేయాలో చెప్పే జనరేటర్లు ఆక్టల్‌లో 171, 133. కన్‌స్ట్రెయింట్ లెంగ్త్, అంటే ఒక్కో సింబల్‌కు చూసే బిట్ల పరిధి, 7.

ఎన్‌కోడర్ సందేశానికోసారి సున్నాకు రాదు, ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. అందుకే సింబల్స్‌లోంచి అసలు బిట్లను తిరిగి రాబట్టే విటర్బీ డీకోడర్‌ను మధ్యలో రీసెట్ చేయకండి. చేస్తే ప్రతి సందేశం మొదట్లో బిట్లు చెడతాయి. యూరప్ ఉపగ్రహ వ్యవస్థ గెలీలియో జనరేటర్లూ ఇవే, కానీ అక్కడ రెండో అవుట్‌పుట్ తలకిందులు. ఆ డీకోడర్‌ను యథాతథంగా తెచ్చి పెడితే చెత్తే వస్తుంది.

ఒక్కో బిట్‌కు రెండు సింబల్స్ కాబట్టి వాటిని జతకట్టడానికి రెండే దారులు, రెండూ ప్రయత్నించాలి. జత తప్పితే పాత్ మెట్రిక్ (వచ్చిన సింబల్స్‌కు డీకోడర్ జవాబు ఎంత సరిపోలిందో చూపే లెక్క) చెప్పేస్తుంది. ఫేజ్ 180 డిగ్రీలు తిరిగి సింబల్స్ అన్నీ తలకిందులయ్యాయా? ఒక్కో జనరేటర్‌లో 5 ట్యాప్‌లు (కలిపే బిట్లు), అంటే బేసి సంఖ్య. కాబట్టి విటర్బీ చక్కగానే డీకోడ్ చేస్తుంది, బిట్లన్నీ తిరగబడి వస్తాయంతే. ప్రియాంబుల్ చూసి తిప్పుకోవచ్చు. డీకోడింగ్ లోతు, అంటే ఒక బిట్‌ను తేల్చే ముందు డీకోడర్ ఆగి చూసే దూరం, 35 బిట్లయితే 140 మిల్లీసెకన్ల ఆలస్యం. సందేశం అందిన సమయంలోంచి దాన్ని తీసేయడం మరవద్దు.

సీఆర్‌సీ లెక్కించాల్సింది 226 బిట్లకు. బైట్లలో సర్దడానికి వాటి మొదట్లో ఆరు సున్నాలు చేరిస్తే సరిగ్గా 29 బైట్లు. ఆ సున్నాలు చివర పెడితే మాత్రం మంచి సందేశాలు కూడా ఫెయిల్ అవుతాయి.

అసలు జాగ్రత్త ఇక్కడుంది. సిగ్నల్ ఎంత పాడైనా విటర్బీ ఏదో ఒక జవాబు ఇచ్చేస్తుంది. తప్పితే తప్పులు గుంపుగా వస్తాయి. 24 బిట్లలోపు గుంపును సీఆర్‌సీ తప్పకుండా పట్టేస్తుంది. పూర్తిగా చెత్త వచ్చినా అది సీఆర్‌సీని దాటే అవకాశం 1,67,77,216లో ఒకటి. ఫెయిలైన సందేశంలో ఒక్కో బిట్ తిప్పి చూస్తూ బతికించాలని కొందరు చూస్తారు. దయచేసి ఆ పని చేయకండి. 250 సార్లు ప్రయత్నిస్తే ఆ రక్షణ దాదాపు 67,000లో ఒకటికి పడిపోతుంది. రన్‌వేకు దిగుతున్న విమానానికి అది చాలదు.

ఒక సందేశం పోతే పోనివ్వండి. ప్రమాద హెచ్చరికను నాలుగు సెకన్లలో నాలుగుసార్లు పంపుతారు. వరుసగా నాలుగు సందేశాలు పోతే, నిలువు మార్గదర్శకత్వంతో దిగడానికి రిసీవర్ ఇక సాయపడకూడదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో నియమం.