రెండు చుక్కల మధ్య గీత

మిర్చి యార్డులో లెక్కలు రాసే గుమస్తాకు రేడియో తరంగాల్లో కనిపించే ఆకాశంతో ఏం పని అంటుంది మా మేనకోడలు. పనేమీ లేదు, సరదా. బ్రాడీపేట వీధిదీపాల మధ్య నక్షత్రాలు కనిపించవు కానీ రేడియో టెలిస్కోపుల పట్టికలకు చీకటి అక్కర్లేదు.

పుణె దగ్గర ఖోదాడ్‌లో 45 మీటర్ల వ్యాసమున్న 30 డిష్‌లతో జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపు ఉంది. 150 మెగాహెర్ట్జ్ దగ్గర అది గుర్తించిన 6.2 లక్షలకు పైగా రేడియో మూలాల (రేడియో తరంగాలు వెలువరించే గెలాక్సీలలాంటి వాటి) పట్టిక, టీజీఎస్ఎస్, 2017లో వెలువడింది. అమెరికాలోని వీఎల్ఏ రేడియో టెలిస్కోపు వాళ్ళది 1,400 మెగాహెర్ట్జ్ పట్టిక. ఒకే మూలం తీవ్రతను రెండింటిలో చూసి, లాగరిథంలో వాలు, అంటే పౌనఃపున్యంతో తీవ్రత ఎంత నిటారుగా మారుతుందో, కట్టడమే నా కాలక్షేపం. అయస్కాంత క్షేత్రాల్లో సుడులు తిరిగే ఎలక్ట్రాన్ల వల్ల పుట్టే వెలుగు పౌనఃపున్యం పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఈ వాలు సాధారణంగా మైనస్ 0.7 దగ్గర ఉంటుంది.

నిటారుగా పడిపోయే వాటి మీదే నా కన్ను, బాగా దూరపు గెలాక్సీలు వాటిలో దొరకొచ్చు. టీజీఎస్ఎస్ జె1530+1049 అనే గెలాక్సీని అలాగే ఏరారు. దాని రెడ్‌షిఫ్ట్ (వెలుగు ఎంత సాగిందో చెప్పే కొలత, ఎక్కువైతే అంత దూరం) 5.72 అని 2018లో అప్పటి అంచనాగా ప్రకటించారు.

కానీ మసక మూలాల దగ్గర చిక్కు వస్తుంది. 150 దగ్గర 25 మిల్లీజాన్‌స్కీలున్న (రేడియో తీవ్రతకు కొలమానం) మూలం వాలు మైనస్ 1.3 అయితే, 1,400 దగ్గరికి వచ్చేసరికి 1.4 కూడా మిగలదు. వీఎల్ఏ పట్టిక దాదాపు 2.5 దగ్గరే ఆగిపోతుంది. అంటే మనకు కావలసినవే రెండో పట్టికలో ఉండవు! అక్కడ వాలు ఎంతో చెప్పలేం, కనీసం ఇంత నిటారు అని మాత్రమే చెప్పగలం. మిర్చి టిక్కీ (బస్తా) పైనుంచి తీసిన గుప్పెడు కాయలతో లాట్ మొత్తానికి ధర కట్టినట్టు, రెండు చుక్కలు కలిపి దాన్నే వర్ణపటం అంటే నేను ఒప్పుకోను. మధ్యలో గీత వంగిందో, మొదట పెరిగి తర్వాత తగ్గిందో ఆ రెండు చుక్కలు చెప్పవు.

పైగా రెండు సర్వేలకూ మధ్య పదిహేనేళ్ళ ఎడం. ఈలోగా క్వేసార్లు (బాగా ప్రకాశించే గెలాక్సీ కేంద్రాలు) మెరుపు మార్చుకుంటాయి. విడదీసి చూడగల కోణం వీఎల్ఏ పట్టికకు 45 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు), జీఎంఆర్‌టీకి దాదాపు 25. జీఎంఆర్‌టీలో రెండుగా విడిపడ్డ మూలాలు వీఎల్ఏలో ఒకటిగా కలిసిపోయి ఉండొచ్చు. వాటిని ముందే పక్కన పెట్టేస్తాను.

అందుకే ఇప్పుడు ఆస్ట్రేలియాలోని ఏఎస్‌కేఏపీ రేడియో టెలిస్కోపు వాళ్ళ 888 మెగాహెర్ట్జ్ పట్టిక దింపుకుంటున్నాను. మూడో చుక్క దొరికినవాటికే వాలు రాస్తాను, మిగిలినవాటి గడి ఖాళీగానే ఉంటుంది.