ఓపెనా, గర్ల్సా?

పోయిన వారం మా అమ్మాయి టోర్నమెంట్‌కి ఫోన్లో ఫారం నింపుతూ ఒకచోట ఆగిపోయాను. ఓపెనా (అంటే అబ్బాయిలూ అమ్మాయిలూ అందరూ కలిసి ఆడేది), గర్ల్సా అని ఉంది, రెండిట్లో ఒకటి ఎంచుకోవాలి, రెండూ ఒకేరోజు కాబట్టి రెండూ ఆడటం కుదరదు. పిల్లకి పదేళ్ళు. చెస్ అంటే పిచ్చి, ఆట మాత్రం మామూలే, కన్నతల్లినైనా ఉన్నమాట చెప్పుకోవాలి కదా. గర్ల్స్‌లో అయితే ఓ ఇరవై మంది వస్తారు, అదృష్టం బాగుంటే ఒక కప్పు ఇంటికొస్తుంది. ఓపెన్‌లో అయితే మూడో రౌండ్ అయ్యేసరికి కళ్ళనిండా నీళ్ళే. అందుకని గర్ల్స్ పెడదామే అన్నాను. అది వెంటనే "హంపి ఏది ఆడేదమ్మా?" అంది.

జవాబు నాకు తెలుసనే అనుకున్నాను, ఎందుకంటే మాది విజయవాడ, చెస్ క్రీడాకారిణి కోనేరు హంపి నాకన్నా ఒక్క ఏడాది చిన్న. 1997లో ఆ అమ్మాయి ఫ్రాన్స్‌లోని కాన్ వెళ్ళి పదేళ్ళలోపు అమ్మాయిల ప్రపంచ టైటిల్ గెలుచుకొచ్చింది. ఆ వార్త పేపర్లో చూసిన మా నాన్న సాయంత్రానికల్లా చెస్ బోర్డు కొనుక్కొచ్చారు. గుడివాడలో పుట్టిన పిల్లేగా, మనమేం తక్కువ అని. వారం తిరక్కుండా ఒక గుర్రం పోయింది, దాని బదులు చింతగింజ పెట్టుకుని ఆడాం. బోర్డు వెనకవైపు వైకుంఠపాళీ ఉండేది, చివరికి నేనూ తమ్ముడూ స్థిరపడింది దాంట్లోనే. కానీ ఆ తర్వాత ఐదారేళ్ళపాటు మా ఇంట్లో ఆ అమ్మాయి పేరు వినపడని పరీక్షల ఫలితాల రోజు లేదు. నిజం చెప్పాలంటే అప్పట్లో ఆ పేరు వింటేనే ఒళ్ళు మండేది నాకు.

పేరంటే గుర్తొచ్చింది. వాళ్ళ నాన్న కోనేరు అశోక్ గారు ఛాంపియన్ అన్న మాటలోంచి హంపి అని తీసి పెట్టారట, తర్వాత రష్యన్ పేరులా కనిపించాలని ఇంగ్లీషు స్పెల్లింగ్ మార్చారు. చెస్ అంటే రష్యా అనుకునే రోజులు మరి. ఆయన కెమిస్ట్రీ లెక్చరర్, స్వయంగా టోర్నమెంట్లు ఆడే మనిషి, కూతురికి ఐదారేళ్ళప్పుడే ఆట పట్టుబడుతోందని గమనించి, కొన్నాళ్ళకి ఉద్యోగం వదిలేసి పూర్తిగా కోచ్‌గా మారిపోయారు. ఈ ముక్క దగ్గర నాకు ఎప్పుడూ కాస్త భయం వేస్తుంది. ఇప్పుడు టోర్నమెంట్ హాళ్ళ బయట కూర్చునే నాన్నల్లో ఇదే కథ చెప్పేవాళ్ళు కనీసం ఇద్దరు ఉంటారు, లోపల పిల్ల ఓడిపోయి బయటికొస్తే వాళ్ళ మొహాలు చూడాలి. హంపి గెలిచింది కాబట్టి ఆ నాన్న త్యాగం కథయింది. గెలవకపోయుంటే చుట్టాలు ఏమనేవారో ఊహించుకోవచ్చు.

సరే, దాని ప్రశ్నకి వద్దాం. రాత్రి కూర్చుని ఏ ఏడాది ఏం ఆడిందో వరసగా చూస్తే నేను అనుకున్నంత సూటిగా లేదు. 1998లో స్పెయిన్‌లోని ఒరొపేసాలో పన్నెండేళ్ళలోపు, 2000లో అక్కడే పద్నాలుగేళ్ళలోపు, 2001లో ఏథెన్స్‌లో ఇరవై ఏళ్ళలోపు ప్రపంచ జూనియర్, ఇవన్నీ అమ్మాయిల విభాగంలో వచ్చినవే. ఇరవై ఏళ్ళలోపు టైటిల్ గెలిచేనాటికి వయసు పద్నాలుగు. 2000లో, అంటే పదమూడేళ్ళకి, బ్రిటిష్ మహిళల ఛాంపియన్‌షిప్ కూడా గెలిచింది (అప్పట్లో కామన్‌వెల్త్ దేశాలవాళ్ళని ఆడనిచ్చేవారు, మనవాళ్ళు వరసగా వెళ్ళి కప్పులు పట్టుకొచ్చేస్తుంటే తర్వాత నిబంధన మార్చుకున్నారు పాపం).

కానీ మధ్యలో 1999 ఉంది. అహ్మదాబాద్‌లో ఆసియా యూత్ పోటీలు. అక్కడ పన్నెండేళ్ళలోపు విభాగంలో మగపిల్లలతో కూర్చుని ఆడి మొదటి స్థానంలో వచ్చింది. అప్పటికే రెండు ప్రపంచ టైటిళ్ళు ఉన్న పిల్ల, అమ్మాయిల్లో ఆడి ఇంకో బంగారం తెచ్చుకున్నా ఎవరూ ఏమీ అనరు. నాకైతే మొత్తం కథలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఎందుకంటే తర్వాత జరిగింది దాని కొనసాగింపే. చెస్‌లో మహిళలకి విడిగా మహిళా గ్రాండ్‌మాస్టర్ అని ఒక టైటిల్ ఉంది, దానికి రేటింగ్ (ఆటలో బలాన్ని కొలిచే అంకె) 2300 చాలు. ఆడామగా తేడా లేని అసలు గ్రాండ్‌మాస్టర్ కావాలంటే రేటింగ్ 2500 చేరాలి. రెండిటికీ మామూలుగా మూడేసి నార్మ్‌లు కూడా కావాలి. అసలు గ్రాండ్‌మాస్టర్ నార్మ్ అంటే మామూలు మాటల్లో, గ్రాండ్‌మాస్టర్లు ముగ్గురైనా ఉన్న గట్టి టోర్నమెంట్‌లో 2600 స్థాయి ఆట ఆడి చూపించడం. ఒకసారి కాదు, మూడుసార్లు. అమ్మాయిల పోటీల్లో ఎన్ని కప్పులు గెలిచినా ఆ స్థాయి ప్రత్యర్థులు దొరకడం కష్టం, పెద్దవాళ్ళతో, ఎక్కువగా మగవాళ్ళతో ఆడాల్సిందే. అప్పటికి మన దేశంలో గ్రాండ్‌మాస్టర్లే వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది, ఆనంద్‌కే ఆ టైటిల్ 1988లో పద్దెనిమిదేళ్ళకి వచ్చింది. కాబట్టి సూట్‌కేసు సర్దుకుని యూరప్ వెళ్ళాలి.

మూడో నార్మ్ 2002 మేలో బుడాపెస్ట్‌లో పూర్తయింది. అప్పటికి హంపి వయసు 15 ఏళ్ళ 1 నెల 27 రోజులు. అంతకుముందు ఆడవాళ్ళలో అతి చిన్న వయసు గ్రాండ్‌మాస్టర్ రికార్డు హంగరీ క్రీడాకారిణి జూడిట్ పోల్గార్‌ది, 15 ఏళ్ళ 4 నెలల 28 రోజులు. ఆవిడ సొంతూరు కూడా బుడాపెస్టే! ఆవిడ ఊళ్ళోకే వెళ్ళి ఆవిడ రికార్డే మూడు నెలల తేడాతో చెరిపేసి వచ్చింది మన గుడివాడ పిల్ల. 2008లో చైనా అమ్మాయి హౌ యీఫాన్ దాన్ని మళ్ళీ చెరిపేసింది, అది వేరే సంగతి. భారతదేశంలో ఒక మహిళకి అసలు గ్రాండ్‌మాస్టర్ టైటిల్ రావడం అదే మొదలు. రెండో ఆవిడ గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక, 2011లో. అంటే తొమ్మిదేళ్ళు పట్టింది, అదీ కృష్ణ దాటితే చాలు అన్నంత దూరంలో.

గుంటూరంటే అక్కడి చెస్ ఆటగాడు హరికృష్ణని వదలకూడదు. 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియర్ పోటీలు జరిగాయి, హంపి ఈసారి అమ్మాయిల విభాగం పక్కనపెట్టి ఓపెన్‌లో ఆడింది. 13 రౌండ్లలో ఎనిమిదిన్నర పాయింట్లతో ఐదో స్థానాన్ని ఇంకొందరితో పంచుకుంది. ఆ ఏడాది టైటిల్ గెలిచింది పెంటేల హరికృష్ణ. మూడేళ్ళ కిందట అమ్మాయిల్లో గెలిచేసిన పోటీకి మళ్ళీ వెళ్ళి, ఈసారి గెలుపు గ్యారంటీ లేని వైపు కూర్చోవడం, ఇది మాత్రం నాకు చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు. ఫస్ట్ వచ్చిన రోజులే చెప్పారు.

పొద్దున్నే దోసెలు వేస్తూ ఇదంతా మా పిల్లకి చెప్పాను. హంపి రెండూ ఆడిందే, కప్పులు అమ్మాయిల్లో తెచ్చుకుంది, నార్మ్‌లు అందరితో ఆడి తెచ్చుకుంది, కాబట్టి గర్ల్స్ ఆడినా తప్పేం లేదు అని నెమ్మదిగా నా దారికి తిప్పుకుందామనుకున్నాను. అది రెండో దోసె తింటూ సగమే విన్నట్టుంది. "అహ్మదాబాద్‌లో అబ్బాయిలందరూ ఓడిపోయారా?" అని అడిగింది. అందరూ కాదేమోగానీ ఫస్ట్ మాత్రం తనే అన్నాను. నేను చట్నీ కోసం వంటింట్లోకి వెళ్ళొచ్చేలోపు ఫోన్ తీసుకుని ఓపెన్ నొక్కి ఫారం పంపేసింది.

ఎంట్రీ ఫీజు ఎలాగూ వెనక్కి ఇవ్వరు. మొదటి రౌండ్ ఆదివారం తొమ్మిదింటికి. పులిహోర కట్టుకెళ్ళాలి, కర్చీఫులు రెండు ఎక్కువే పెట్టుకోవాలి.