అడుగున ఉన్న ఆ ఒక్క గడి

రాత్రి పదకొండు దాటింది. పొద్దున్నే లేవాలని తెలిసి కూడా రాస్తున్నాను, ఎందుకంటే ఇన్‌స్టాలర్ తెరలో అడుగున ఉన్న ఒక గడి సాయంత్రం నుంచి నన్ను వదలడం లేదు.

పని చిన్నదే. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోయింది. నాన్నగారి డెస్క్‌టాప్ విండోస్ 11కు సరిపోదు. అందుకని ఇన్నాళ్లూ డీవీడీ మీద నడిపి చూసుకుంటున్న లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను, పాత ల్యాప్‌టాప్‌లోంచి తీసి ఈ డెస్క్‌టాప్‌కు రెండో డిస్కుగా తగిలించిన 320 జీబీ డిస్కులోకి ఎక్కించాలనుకున్నాను. లైవ్ డిస్కుతో వచ్చిన చిక్కల్లా, చేసిన పనంతా ర్యామ్‌లోనే ఉండి, కంప్యూటర్ ఆపగానే పోవడం; వైఫై పాస్‌వర్డ్ కూడా రోజూ మళ్లీ కొట్టుకోవలసిందే. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: నాన్నగారి ఫొటోలున్న 1 టీబీ డిస్కును ముట్టుకోకూడదు.

ఎక్కించడం అరగంటలో అయిపోయింది. అమ్మ వచ్చి కూర్చుని పేపరు చదువుకుని, అక్షరాలు బాగున్నాయని అంది. ఆ మాటకు నాకు చాలా సంతోషం కలిగింది.

సాయంత్రం చిన్నవాడు బంతి కోసం టేబుల్ జరిపాడు. స్క్రూలు దొరక్క కేసులో ఊరికే ఆనించి ఉంచిన రెండో డిస్కుకు కేబుల్ ఊడింది. మళ్లీ ఆన్ చేస్తే నల్లటి తెర, దానిమీద తెల్లని అక్షరాలలో ‘గ్రబ్ రెస్క్యూ’ అన్న రెండు మాటలు, వాటి పక్కన కొట్టుకుంటున్న కర్సర్. మింట్ రాకపోవడంలో వింత లేదు. విండోస్ కూడా రాలేదు. ముట్టుకోలేదని నేను నమ్మిన డిస్కు తెరుచుకోలేదు.

కారణం తెలియడానికి గంట పట్టింది. డిస్కు విభజనలు మనమే చేసుకునే పద్ధతి ఎంచుకుంటే, ఆ తెర అడుగున బూట్ లోడర్‌ను (కంప్యూటర్ ఆన్ కాగానే వ్యవస్థను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్; మింట్‌లో దాని పేరు గ్రబ్) ఏ డిస్కులో పెట్టాలో అడిగే గడి ఒకటి ఉంటుంది. వ్యవస్థను ఎస్‌డీబీలో, అంటే రెండో డిస్కులో పెట్టమని నేను పైన స్పష్టంగా చెప్పినా, ఆ గడిలో ముందే ఎస్‌డీఏ అని, అంటే మొదటి డిస్కు అని ఉంది. నేను చూడలేదు. పాత బయోస్ యంత్రాలలో డిస్కు మొదటి 512 బైట్లలో 446 బైట్లు బూట్ కోడ్‌వి. గ్రబ్ ఆ చోట కూర్చుని, తన మిగతా భాగం కోసం రెండో డిస్కు వైపు చూస్తుంది. అది లేకపోతే అక్కడే ఆగిపోతుంది. ఫొటోలకు ఏమీ కాలేదు. అయినా రెండో డిస్కులో పెట్టమన్నవాళ్ల మొదటి డిస్కు గుమ్మం మార్చడం ఏ విధంగా న్యాయమో నాకు అర్థం కాదు. ఇంత ముఖ్యమైన ప్రశ్నను అందరికీ కనబడేలా, ‘మీ పాత డిస్కు ఇకపై కొత్త డిస్కు మీద ఆధారపడుతుంది’ అని ఒక వాక్యంతో అడగవచ్చు కదా. పేర్లైనా ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని కాక, తయారీదారు పేరుతోనో పరిమాణంతోనో పెద్దగా చూపిస్తే మనిషికి తెలుస్తుంది.

విండోస్ రానప్పుడు నా గుండె ఎందుకు ఆగినంత పనైందో చెప్పాలి. 2006లో ఉబుంటు అనే మరో లినక్స్ తయారుచేసేవాళ్లు సీడీలు ఉచితంగా పోస్టులో పంపేవారు. ఆ ఏడాది జూన్‌లో వచ్చిన 6.06తోనే, లైవ్‌గా నడిపి చూసి అదే సీడీ నుంచి ఎక్కించుకునే వీలు మొదలైంది. కవరు విజయనగరం వచ్చినరోజు నాన్నగారు దాన్ని చింపకుండా, అంచు వెంబడి బ్లేడుతో కోసి తెరిచారు. వారం రోజులు సీడీ మీదే నడుపుకున్నాక, గంటస్తంభం దగ్గరి షాపు కుర్రవాణ్ని పిలిచి ‘డీ డ్రైవులో వేయి బాబూ’ అన్నాను. నాన్నగారు సాయంత్రాలు టైపు చేసుకున్న జ్ఞాపకాలు సీ డ్రైవులో ఉన్నాయి. ఆ అబ్బాయి డిస్కు మొత్తం తుడిచేశాడు. మిగిలింది అచ్చు ఎలా వస్తుందో చూడడానికి తీసుకున్న ఒక్క కాగితం, 23వ పుట. అది సగం వాక్యంతో మొదలవుతుంది: కోట ముందు జనంలో తాతగారి భుజం మీదెక్కి సిరిమాను చూడడం, అంత పొడవు చింతమాను చివర పూజారి కదులుతుంటే భయంతో కళ్లు మూసుకోవడం. ‘పోన్లేమ్మా’ అన్నారు నాన్నగారు. మళ్లీ రాయలేదు.

ఇన్నేళ్లూ ఆ కుర్రవాడి మీద నాకు కోపమే. నిర్లక్ష్యం అనే అనుకున్నాను, ఇంట్లో అలాగే చెప్పాను, ఈ పేరా మొదలుపెట్టినప్పుడు కూడా అలాగే రాయబోయాను. కానీ నేను ‘డీ’ అన్నాను. లినక్స్‌కు సీ, డీ అన్న అక్షరాలు లేవు. అప్పటి ఐడీఈ డిస్కులు దానికి హెచ్‌డీఏ1, హెచ్‌డీఏ5 అని కనిపించేవి. అతని ముందున్న తెరమీద నేను చెప్పిన పేరు ఎక్కడా లేదు. అడగవలసింది, అది నిజం. కాని బ్యాకప్ తీశావా అని నేనూ అడగలేదు. ఈరోజు అన్నీ చదువుకుని కూర్చుని కూడా నేను గడి ఒకటి వదిలేశాను.

కేబుల్ తిరిగి పెట్టాక రెండూ వచ్చాయి. లైవ్ డీవీడీ నుంచి గ్రబ్‌ను రెండో డిస్కులోకి మళ్లీ ఎక్కించాను. మొదటి డిస్కుకు దాని పాత బూట్ కోడ్‌ను విండోస్ రిపేరు డిస్కుతో రేపు తిరిగి రాయించాలి. ఈసారి ఆ పని చేసేటప్పుడు రెండో డిస్కు కేబుల్ తీసి పక్కన పెడతాను. రెండింటికీ తెల్ల ప్లాస్టర్ అంటించి ఒకదానిమీద ‘నాన్నగారిది’ అని, రెండోదానిమీద ‘మింట్’ అని పెన్నుతో రాశాను. ఫొటోలు పెన్‌డ్రైవులోకి కాపీ అవుతున్నాయి, ఇంకా నలభై నిమిషాలు చూపిస్తోంది. కేసు మూత తీసే ఉంది. టేబుల్ దగ్గరికి ఎవరూ వెళ్లవద్దని అమ్మకు చెప్పాను.