చిన్న రిపేర్లకు లేబర్ చార్జీ: సొంత పనితో సరిచూసుకుంటున్న లెక్క

కారుకు చిన్న రిపేర్లు సొంతంగా చేసుకోవడం మొదలుపెట్టినప్పటి నుంచి ప్రతి పనికీ మూడు సంగతులు రాసి పెట్టుకుంటున్నాను. పనిముట్లు బయటికి తీసింది మొదలు చేతులు కడుక్కునే దాకా పట్టిన సమయం మొదటిది, అదే పనికి గ్యారేజీ వేసే లేబర్ గంటలు రెండోది, ఆ రెంటి మధ్య తేడా ఎందుకు వచ్చిందన్నది మూడోది. గంట రేటు చోటును బట్టి మారుతుంది కనుక డబ్బు లెక్క జోలికి పోకుండా గంటల లెక్కనే పట్టుకున్నాను.

లేబర్ గంటలు ఎలా వస్తాయో తెలియకపోతే ఈ పోలికకు అర్థం ఉండదు. చాలా సర్వీసు కేంద్రాలలో మెకానిక్ ఎంతసేపు పనిచేశాడో గడియారం చూసి బిల్లు వేయరు. ఏ మోడల్‌లో ఏ పనికి ఎంత సమయం అన్నది తయారీదారు ముందే నిర్ణయించి ఉంచుతాడు, గంటను 10 భాగాలు చేసి 0.3 అనో 1.2 అనో రాస్తాడు, దాన్ని గంట రేటుతో గుణిస్తే లేబర్ చార్జీ వస్తుంది. 0.3 అంటే 18 నిమిషాలు. చేయి తిరిగిన మెకానిక్ ఆ పనిని 10 నిమిషాల్లో ముగించినా 18 నిమిషాలకే కట్టాలి, తుప్పు పట్టిన బోల్టు మొరాయించి గంట పట్టినా సూత్రం ప్రకారం అంతే కట్టాలి. పనివాడి వేగాన్ని తప్పుపట్టి బేరం ఆడటం నాకు సబబుగా తోచదు, ఎందుకంటే ఆ వేగం అతను ఏళ్ల తరబడి సంపాదించుకున్నది.

ఏసీ క్యాబిన్ ఫిల్టర్‌తో లెక్క తేలిగ్గా తేలింది. చాలా కార్లలో గ్లవ్ బాక్స్‌ను కిందికి దించి, వెనకున్న మూత తీసి, పాత ఫిల్టర్‌ను లాగి, గాలి వెళ్లే దిశను చూపే బాణం గుర్తు సరిచూసి కొత్తది తోస్తే పని అయిపోతుంది. పానా కూడా అక్కర్లేదు. దీనికి అరగంట లేబర్ వేస్తే అది ఎక్కువే. హెడ్‌లైట్ బల్బు మాత్రం మోడల్‌ను బట్టి మారిపోతుంది. ఒక కారులో వెనక రబ్బరు మూత తీస్తే హెచ్7 రకం బల్బు చేతికి అందుతుంది, మరో కారులో బ్యాటరీనో బంపర్‌నో విప్పితే తప్ప అందదు. బల్బు ఒకటే కదా, లేబర్ ఇంత తేడా ఏమిటని అడిగే ముందు బానెట్ ఎత్తి చూడటం మంచిది. హాలోజెన్ బల్బు గాజును వట్టి వేళ్లతో ముట్టుకోకూడదు; చర్మం మీది నూనె అంటిన చోట వేడి పెరిగి బల్బు త్వరగా పోతుంది.

స్పార్క్ ప్లగ్‌ల దగ్గర నా ఆలోచన మారింది. ఇంజన్ పూర్తిగా చల్లారాక ప్లగ్‌కు కరెంటు అందించే కాయిల్ విప్పి, ప్లగ్ గుంటలోని దుమ్మును గాలితో ఊదేసి, కొత్త ప్లగ్‌ను సాకెట్‌లో పెట్టి వేళ్లతోనే మొదటి చుట్లు తిప్పి, చివర మాన్యువల్‌లో ఇచ్చిన బిగింపును టార్క్ రెంచ్‌తో (బిగింపును కొలిచే పానా) ఇస్తే సరిపోతుంది. పని కష్టమైనది కాదు. అయితే సిలిండర్ హెడ్ అల్యూమినియంది. మర తప్పి ఎక్కినా, అతిగా బిగించినా మరలు కొట్టుకుపోతాయి, అప్పుడు చిన్న రిపేరు కాస్తా పెద్ద రిపేరు అవుతుంది. గ్యారేజీలో అలా జరిగితే దాన్ని బాగుచేసే బాధ్యత వాళ్లది, ఇంట్లో జరిగితే నాది. లేబర్ చార్జీలో శ్రమతోపాటు ఈ బాధ్యత ఖరీదు కూడా ఉందని ఆ పనిలో ఉండగానే స్పష్టమైంది. బిల్లు ఇవ్వని, పని మీద పూచీ పడని చోట అదే చార్జీ అడిగితే అది న్యాయం కాదనడానికి కారణం కూడా ఇదే.

తాజాగా చేసినది ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్ల మార్పిడి. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొంచెం సడలించి, జాకీతో ఎత్తి, స్టాండ్లు పెట్టాకే చక్రం తీశాను. జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కింద చేయి పెట్టడం ఎవరికీ తగదు. ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్‌ను విప్పి, బ్రేక్ ఆయిల్ గొట్టం మీద బరువు పడకుండా తీగతో స్ప్రింగుకు కట్టాను. ఒక వైపు లోపలి ప్యాడ్ బయటి దానికంటే బాగా అరిగి కనిపించింది. క్యాలిపర్ జారడానికి ఉండే రెండు గైడ్ పిన్లను చేత్తో కదిపి చూస్తే పైది హాయిగా జారుతోంది, కిందిది బిగుసుకుపోయి ఉంది. దాన్ని మెలితిప్పుతూ బయటికి లాగి, గట్టిపడిన పాత గ్రీజు గోకేసి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు పూసి, రెండూ ఒకేలా జారుతున్నాయని తేలాకే ముందుకు వెళ్లాను. ప్యాడ్‌ను తోసే పిస్టన్‌ను వెనక్కి నొక్కేటప్పుడు బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం పెరుగుతుంది, పొంగి పెయింటు మీద పడితే పెయింటు పాడవుతుంది, అందుకే మధ్య మధ్య ఆగి చూసుకున్నాను. చక్రాలు బిగించి, కారు కదిలించక ముందే పెడల్ గట్టిపడే దాకా తొక్కాను. గ్యారేజీ లెక్కకంటే నాకు చాలా ఎక్కువ సమయమే పట్టింది, అందులో పెద్ద భాగం ఆ ఒక్క పిన్ తీసుకుంది.

బ్రేక్ ప్యాడ్లకు వేసే లేబర్ దండగ అని ఇక నేను అనలేను. కాకపోతే ఆ లేబర్‌లో పిన్లు శుభ్రం చేయడం ఉందా, లేదా ప్యాడ్లు తీసి ప్యాడ్లు పెట్టడమేనా అని ముందుగానే అడగాలి. ఆ పని వదిలేస్తే కొత్త ప్యాడ్ కూడా అలాగే ఒక వైపు అరుగుతుంది. వెనక చక్రాలకు ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న కార్లలో కారు కంప్యూటర్‌కు తగిలించే స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టకుండా పిస్టన్‌ను నొక్కకూడదు కనుక అక్కడ అదనపు లేబర్ సమంజసమే.

బిల్లులో నేను గట్టిగా అభ్యంతరం చెప్పేది ఒకే విప్పుడుకు రెండుసార్లు వసూలు చేయడం. ప్యాడ్లూ డిస్కులూ కలిపి మార్చినప్పుడు చక్రం ఒక్కసారే తీస్తారు, క్యాలిపర్ ఒక్కసారే విప్పుతారు. ఆ రెండు పనులకూ పూర్తి లేబర్ విడివిడిగా రాస్తే రెండో దాంట్లో ఎక్కువ భాగం చేయని పనికి కట్టడమే. టైమింగ్ బెల్టుతో తిరిగే వాటర్ పంపును బెల్టుతోపాటే మార్చినప్పుడూ ఇదే వర్తిస్తుంది. లేబర్ గంటలు పని వారీగా రాసి ఇమ్మని అడిగితే ఈ సంగతి వెంటనే బయటపడుతుంది.

లోపం కనిపెట్టడానికి వేసే చార్జీని కూడా ఇలాగే చూడాలి. కారు కంప్యూటర్‌లోని లోపం కోడ్‌లు చదివే ఓబీడీ స్కానర్ పెట్టి పీ0301 అని చదవడానికి కొన్ని నిమిషాలు చాలు, కానీ ఆ కోడ్ మొదటి సిలిండర్ సరిగా మండడం లేదని మాత్రమే చెబుతుంది, ప్లగ్గా, కాయిలా, ఇంజెక్టరా అన్నది చెప్పదు. మొదటి కాయిల్‌ను రెండో సిలిండర్‌కు మార్చి మళ్లీ నడిపితే కోడ్ పీ0302గా మారిందా, అప్పుడు దోషం కాయిల్‌దే. ఇలాంటి పరీక్ష చేసి తేల్చినవాడికి లేబర్ ఇవ్వడం ధర్మం. కోడ్ చదివి, దాన్ని బట్టి ఊహించి భాగం మార్చేసి, అది పనిచేయకపోతే మరో భాగం మార్చేవాడికి ఆ చార్జీ దక్కకూడదు.

తరువాతి పని బ్రేక్ ఆయిల్ మార్పిడి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక చాలామంది తయారీదారులు సుమారు 2 ఏళ్లకొకసారి మార్చమంటారు. పైపుల్లో గాలి మిగిలితే పెడల్ కిందికి దిగిపోతుంది, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కొన్ని కార్లలో స్కానర్ సాయం కూడా కావాలి. అందుకని దీన్ని గ్యారేజీకే ఇస్తున్నాను. నాలుగు చక్రాల దగ్గరా గాలి తీస్తారా, ఏ గ్రేడ్ ఆయిల్ పోస్తారు, లేబర్ ఎన్ని గంటలు అన్న మూడింటినీ రాయించుకున్నాకే కారు తాళాలు ఇస్తాను.