ఆదివారం: చిక్కం కొలతలు

పొద్దున ఎనిమిదికే ఎండ చురుక్కుమంటోంది. లిఫ్టు పక్కన అసోసియేషన్ వాళ్లు కాగితం అంటించారు. రాట్‌వైలర్, పిట్‌బుల్ కుక్కల్ని కేంద్రం నిషేధించింది కాబట్టి నెలాఖరులోగా పంపించెయ్యాలట. మూడో అంతస్తులో 14 నెలల రాట్‌వైలర్ ఉంది, 44 కిలోలు. కాగితం దానికోసమే. పసిపిల్లలున్న తల్లులు భయపడి రాయించారు. ఆ భయం న్యాయమైనదే, కాగితంలో మాటే తప్పు.

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు ఒక ఉత్తరం రాసింది. ఇరవైకి పైగా జాతుల పేర్లిచ్చి వాటి దిగుమతి, అమ్మకం, పిల్లలు పెట్టించడం ఆపమంది. ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమంది. సంబంధించిన వాళ్లెవర్నీ అడగలేదని ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ జాబితా చదివితే ఎంత హడావిడిగా రాశారో తెలుస్తుంది. టోసా ఇను ఒకచోట, జపనీస్ టోసా ఇంకోచోట ఉన్నాయి. రెండూ ఒకటే కుక్క. ‘టెరియర్లు’ అని గంపగుత్తగా రాశారు, ఒళ్లో కూర్చోబెట్టుకునే మూడు కిలోల యార్క్‌షైర్ కూడా టెరియరే మరి.

అలాగని జాతితో పనే లేదనడం కూడా సరికాదు. పోట్లాటల కోసం తరాల తరబడి ఏరి పెంచిన కుక్క పట్టుకుంటే వదలదు, తల విదిలిస్తుంది. 2022లో లక్నోలో ఓ పెద్దావిడ సొంత ఇంట్లోనే పెంపుడు పిట్‌బుల్ చేతిలో చనిపోయింది. పామరేనియన్ కరిస్తే గాటు పడుతుంది, 44 కిలోల కుక్క అదే తప్పు చేస్తే ప్రాణం పోతుంది. అందుకే షరతులు కుక్క బరువుకీ, అది చేసిన పనికీ పెట్టాలి. జాతి పేరుకి పెడితే జనం కుక్కకి ఆ పేరు మార్చేస్తారు. బ్రిటన్ 1991లో నాలుగు రకాల్ని నిషేధించింది. పిట్‌బుల్ రక్తంతోనే ఎక్స్ఎల్ బుల్లీ అనే కొత్త రకం వచ్చింది. చివరికి దాన్నీ నిషేధంలో చేర్చి, మగదైతే భుజం దగ్గర 51 సెంటీమీటర్లు, ఆడదైతే 48 అంటూ టేపు పెట్టి కొలిచే నిబంధన రాసుకోవాల్సి వచ్చింది. ఇక 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబుని చంపినవి వీధికుక్కలు, ఏ జాబితాలోనూ లేనివి.

పదిన్నరకి ఆ రాట్‌వైలర్ కుర్రాడు కుక్కని తీసుకుని కిందికొచ్చాడు. దాని మూతికి బిగుతుగా గుడ్డ పట్టీ. “ఇది కట్టాను కదా సార్, ఇంకేం అంటారు?” అన్నాడు. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పితేనే ఒంటి వేడి దిగుతుంది. ఈ ఎండలో నోరు మూసేసే పట్టీ కట్టి నడిపిస్తే వడదెబ్బే. కావాల్సింది బుట్టలాంటిది, నూర్పిళ్లప్పుడు ఎడ్లకి కట్టే చిక్కం లాంటిది. పట్టీ విప్పించి టేపు పెట్టి చూస్తే ముక్కు కొన నుంచి కళ్ల కిందిదాకా 10 సెంటీమీటర్లు, మూసిన మూతి చుట్టూ 34. బుట్ట చుట్టుకొలత ఇంకో ఏడెనిమిది ఎక్కువ ఉండాలి, ముక్కు ముందు వేలెడు ఖాళీ ఉండాలి. లోపల నోరు పూర్తిగా తెరవాలి, నీళ్లు తాగగలగాలి. పైపట్టీ కళ్లకి ఒరుసుకోకూడదు.

తెచ్చిన రోజే తగిలించి బయటికి తీసుకెళ్తే కాళ్లతో గీరి పీకేసుకుంటుంది, ఇంకెప్పుడూ దగ్గరికి రానివ్వదు. మొదటి రెండు రోజులు బుట్ట లోపల పెరుగు రాసి దాని ముందు పట్టుకోవాలి, మూతి అదే పెట్టాలి. మూడో రోజు పట్టీ పెట్టి ఐదు సెకన్లకే తీసెయ్యాలి. అక్కణ్ణుంచి పది నిమిషాలదాకా పెంచుకుంటూ వెళ్లడానికి వారం, పది రోజులు పడుతుంది. గీరిందంటే తొందరపడ్డామని, వెనకటి మెట్టుకి వెళ్లాలి.

మాటల మధ్యలో లిఫ్టు తలుపు తెరుచుకుంది, ఓ పాప బయటికొచ్చింది. రొప్పుతున్న కుక్క ఒక్కసారిగా ఆగిపోయింది. కదల్లేదు. కంటి తెల్లగుడ్డు అంచున నెలవంకలా కనబడింది. ఆ తర్వాతే గుర్రుమంది. కుర్రాడు మూతి మీద ఒక్కటిచ్చాడు. చాలామంది చేసే తప్పే ఇది. గుర్రుమనడం హెచ్చరిక. కొట్టి అది మాన్పిస్తే రేపు చెప్పకుండా కరుస్తుంది. దూరం జరిపి, పాప వెళ్లేదాకా ఆగాలి, అంతే.

ఈ కుక్కని పుట్టిన 35వ రోజున కొన్నారట. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. పంటి పట్టు ఎంతవరకో తోటి పిల్లలతో ఆడుతూ నేర్చుకునే వయసు అది. మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా కొత్త మనుషుల్ని, చప్పుళ్లని చూపించాల్సిన రోజులు. దీనికి ఆ రోజులన్నీ డాబా మీద గొలుసుతోనే గడిచాయి. చట్టం గట్టిగా పట్టుకోవాల్సింది అక్కడ, అమ్మేవాడి దగ్గర. కరిచాక నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ఉంది, ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ప్రాణం తీయగల కుక్కకి ఈ జరిమానా ఏమూలకి?

సాయంత్రం సెక్రటరీ గారు పాత కాగితం తీసి కొత్తది పెట్టారు. లిఫ్టులోనూ మెట్ల మీదా పెద్ద కుక్కలకి బుట్ట చిక్కం, పట్టుకు నడిపించే తాడు మీటరున్నరకి మించకుండా, రేబిస్ టీకా కాగితం నకలు, పిల్లలుంటే తర్వాతి లిఫ్టు. పైన మూడో అంతస్తు బాల్కనీలో ఆ కుర్రాడు ప్లాస్టిక్ బుట్టకి చెంచాతో పెరుగు రాస్తున్నాడు.