ఐసుపెట్టెలో ఎంగిలి: పైదవడ శస్త్రచికిత్స తరవాత నా ఆరు నెలలు

మాది విజయనగరం. నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు పైదవడను వెడల్పు చేసే శస్త్రచికిత్స జరిగింది. పైపళ్ల వరుస కిందివరుసకు లోపలగా పడేది కాబట్టి అన్నం ఎప్పుడూ ఒక పక్కనే నమిలేదాన్ని. చిన్నతనంలో అయితే అంగిలికి దవడను వెడల్పు చేసే మర బిగించి తిప్పితే సరిపోయేదని, వయసు వచ్చాక అంగిలి నడుమనున్న అతుకు గట్టిపడుతుంది గనక ఎముకను పక్కలా నడుమా కోసి వదులు చేస్తే తప్ప కదలదని విశాఖపట్నంలో దంతవైద్యులు చెప్పారు. ఎముక మానే జాడలను లాలాజలంలో వెతికే పరిశోధనకు ఆరు నెలల్లో ఎనిమిదిసార్లు ఉమ్మి ఇవ్వగలనా అని కూడా అడిగారు. సూది గుచ్చరు కదా అని వెంటనే సంతకం పెట్టాను. సూదే నయమని తరవాత తెలిసింది.

ఆపరేషన్ మత్తులో జరిగిపోయింది. ఆ తరవాత వారం పాటు అంగిలికి బిగించిన మరను ముట్టుకోలేదు. కోసిన అంచుల మధ్య ముందుగా మెత్తని కణజాలం ఏర్పడాలి, దాన్ని కొద్దికొద్దిగా సాగదీస్తే ఆ ఖాళీలో కొత్త ఎముక పుడుతుంది. సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజారోవ్ అనే ఎముకల వైద్యుడు కాళ్ల ఎముకల మీద 1950ల నుంచి చేసి చూపిన పద్ధతే ఇది. ఎనిమిదో రోజు నుంచి మా వదిన ఒక చేత్తో సెల్‌ఫోను లైటు పట్టుకుని, సన్నని తీగ లాంటి తాళంచెవిని మరలోని రంధ్రంలో దూర్చి, ముందు నుంచి గొంతు వైపుకు నెట్టేది. ఒక్కో తిప్పుకు పావు మిల్లీమీటరు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. తిప్పు పూర్తి కాకుండా చెవి బయటికి తీస్తే తరవాతి రంధ్రం కనిపించదు. నాలుగో రాత్రి అదే జరిగి, ఇద్దరమూ అరగంట సేపు భయపడ్డాం.

ఉమ్మి ఇవ్వడానికీ పద్ధతి ఉంది. ప్రతిసారీ పొద్దున అదే వేళకు ఇవ్వాలి, గంట ముందు నుంచి ఏమీ తినకూడదు, మంచినీళ్లతో పుక్కిలించి కాసేపు ఆగాలి. నమిలితేనో చప్పరిస్తేనో లాలాజలం పల్చబడుతుంది గనక తల వంచి దానంతట అదే సీసాలోకి కారనివ్వాలి. రెండు మిల్లీలీటర్లకు నాకు పది నిమిషాలు పట్టేది. సీసాను ఫ్రిజ్‌లో పెట్టబోతే అమ్మ ఒప్పుకోలేదు. "ఎంగిలిది పాలగిన్నె పక్కన పెడతావేటి?" అంది. అలా థర్మకోల్ పెట్టె, ఐసుముక్కలు వచ్చాయి. విశాఖ వెళ్లే రైల్లో ఆ పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఎదుటి పెద్దాయన "చేపలేటమ్మా?" అని అడిగారు. ఔనన్నాను.

మొదటి రోజుల్లో వాపుకు సంబంధించిన ఇంటర్‌ల్యూకిన్లు అనే ప్రొటీన్లు, ఎముక కట్టే కణాలు పని మొదలుపెట్టాక ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము, ఆ ఎముకలో ఖనిజం చేరే దశలో ఆస్టియోకాల్సిన్ అనే ప్రొటీను, ఇలా దశకొక జాడ దొరుకుతుందేమో చూస్తున్నామని పరిశోధక విద్యార్థిని వివరించారు. చిగుళ్లు వాచినా ఫాస్ఫటేజ్ పెరుగుతుందట, అందుకే నోటి శుభ్రత గురించి అంత పట్టుదల. మూడో సీసాలో ఎర్రని చార కనిపించింది. ఆ పొద్దున తొందరలో బ్రష్ చేశాను, కుట్ల దగ్గర చిగురు చిట్లింది. వాళ్లు వెతికే పదార్థాల్లో కొన్ని రక్తంలోనే ఎక్కువగా ఉంటాయి గనక చుక్క కలిసినా లెక్క తప్పుతుందని చెప్పి దాన్ని పారబోశారు. చోడి అంబలి కూడా తాగకుండా అరవై కిలోమీటర్లు మోసుకెళ్లిన సీసా అది.

పద్నాలుగు రోజులకు ఇరవై ఎనిమిది తిప్పులు, ఏడు మిల్లీమీటర్లు. ముందుపళ్ల నడుమ బియ్యపు గింజ పట్టేంత సందు వచ్చింది. మర కదలకుండా బిగించేశాక కొన్ని వారాలకు ఆ సందు తనంతట తానే మూసుకోవడం మొదలైంది. దవడ మానిపోయిందని ఇంట్లో అందరూ సంతోషించి, ఆ ఇనుపముక్క ఇంకా ఎందుకని నన్ను తొందరపెట్టారు. నాకూ అలాగే అనిపించింది. చిగుళ్లలో పంటికీ పంటికీ మధ్య ఉండే నారల లాగుడు వల్ల పళ్లు దగ్గరవుతాయని, పైన అంగిలిలో ఎముక ఇంకా పచ్చిగానే ఉంటుందని, ఇప్పుడు తీస్తే దవడ వెనక్కి కుంచించుకుపోతుందని డాక్టరుగారు స్కాను చూపించి చెప్పారు. మరి నా సీసాలు ఏం చెప్పాయని అడిగాను. అవి పరిశోధన కోసమేనని, ఒక మనిషి మర ఎప్పుడు తీయాలో తేల్చే స్థాయికి ఆ పరీక్ష ఇంకా రాలేదని నిర్మొహమాటంగా చెప్పారు. ఆ జవాబు నాకు నచ్చింది.

ఆరో నెలలో స్కాను చూశాకే మర తీశారు. చివరి సీసా ఆ రోజే ఇచ్చాను. పెట్టె ఖాళీగా ఇంటికి తెచ్చి వేడినీళ్లతో రెండుసార్లు కడిగాను. అమ్మ దాన్ని పెరట్లోనే ఉంచింది.